చెవికేసి చూసే అత్త

ఏడాది పైనుంచి మా అత్త నాతో మాట్లాడేటప్పుడు నా ముఖంలోకి చూడ్డం మానేసింది. నా ఎడమ చెవికేసి చూస్తూ మాట్లాడేది. నాన్న పోయాక కొబ్బరితోట పంపకంలో ఏదో కష్టపెట్టుకుందని, పైకి అనలేక ముఖం తప్పిస్తోందని నాలో నేనే కథ అల్లుకున్నాను. రెండు చెట్ల కాయలు ఆవిడకి వదిలేస్తే పోతుందని మా ఆవిడతో అన్నాను కూడా.

అసలు సంగతి జీడిపప్పు దగ్గర బయటపడింది. అత్త పలాస, కాశీబుగ్గల్లో ముప్పై ఏళ్ళకు పైగా పప్పు ఏరింది. గుండు ఒక వైపు, బద్ద ఒక వైపు, ముక్క ఒక వైపు, పొట్టు వదలనిదీ మాడినదీ ఇంకో వైపు. కబుర్లాడుతూనే చేత్తో అలా తోసేసేది. డెబ్బై ఆరేళ్ళు వచ్చినా కాలక్షేపానికి ఇంటికి తెప్పించుకుని ఏరేది. గుండులో మాడిన పప్పు కలుస్తోందని ఫ్యాక్టరీవాళ్ళు తిప్పి పంపేరు. మూడోసారి తిప్పి పంపినప్పుడు ఆవిడ ఆ చేటని పక్కకి తోసేసి, 'ఒరే పెద్దోడా, దూలం వంకరపోనాది, పడిపోతాదేటో సూడ్రా' అంది. దూలం తిన్నగానే ఉంది.

అంతకుముందు దగ్గర్లోని ఒక కళ్ళడాక్టరు రెండేళ్ళలో మూడుసార్లు అద్దాలు మార్చాడు. శుక్లాల ఆపరేషన్లు రెండు కళ్ళకీ ఎప్పుడో అయిపోయాయి. 'వయసు మామ్మా, సర్దుకోవాలి' అన్నాడట. అది అబద్ధం కాదు, కానీ పూర్తి నిజమూ కాదు. కొత్త అద్దాల్లోంచి కూడా దూలం వంకరగానే ఉంది. చివరికి ఇంకొకాయన కంట్లో చుక్కలు వేసి లోపల చూసి, ఇది వయసుతో వచ్చే మాక్యులా జబ్బు, హైదరాబాదు తీసుకెళ్ళండి అన్నాడు. అక్కడ మాక్యులాలో ఉండే రంగు ఎంత మిగిలిందో కూడా కొలుస్తున్నారని, వీలుంటే చేయించమని ఒక చీటీ మీద రాసిచ్చాడు.

కంటిలో రంగు కొలవడమా? పాతికేళ్ళు పదో తరగతికి భౌతికశాస్త్రం చెప్పినవాణ్ణి నేను. ఆ చీటీ నన్ను వారం రోజులు నిద్రపోనివ్వలేదు.

విశాఖ ఎక్స్‌ప్రెస్‌లో పలాస నుంచి మధ్యాహ్నం బయల్దేరాం. అత్త కిటికీ పక్కన కూర్చుంది. ఒడిలో రేకు డబ్బా, అందులో చుట్టలు. మా వైపు ఆడవాళ్ళలో చాలామందికి ఉన్న అలవాటే ఆవిడకీ ఉంది: అడ్డపొగ. నిప్పు ఉన్న కొస నోట్లో పెట్టుకుని కాలుస్తారు. సముద్రపు గాలికి నిప్పు ఆరిపోకుండా, పనిలో ఉన్నప్పుడు నుసి మీద రాలకుండా అలా మొదలైందని పెద్దవాళ్ళు చెప్పేవారు. బయటివాళ్ళు చూస్తే గుండె ఆగిపోతుంది. మాకు అది వంటింట్లో పొగలాంటిదే. రైల్లో కాల్చకూడదని ముందే చెప్పాను. ఆవిడ ఒక చుట్ట తీసి, ముట్టించకుండా వేళ్ళ మధ్య తిప్పుకుంటూ కూర్చుంది.

వంతెన మీదికి వచ్చి చక్రాల చప్పుడు మారగానే 'వంశధార' అంది, తల తిప్పకుండానే. అప్పుడు గమనించాను, ఆవిడ ఎన్నింటిని చూడకుండా పోల్చుకుంటోందో. టీ అమ్మేవాడిని గొంతుబట్టి, చిల్లర అంచుబట్టి, నన్ను నడకబట్టి.

నా సంచిలో బడినుంచి తెచ్చుకున్న పోలరాయిడ్ ముక్క ఒకటి ఉంది. ఆ వారంలో చదివినదాన్ని పరీక్షించాలని తెచ్చాను. 1844లో హైడింగర్ అనే ఆస్ట్రియా ఖనిజశాస్త్రవేత్త ఒక విచిత్రం గమనించాడు. ధ్రువిత కాంతిలో తెల్లటి చోటును చూస్తే చూపు మధ్యలో పలచటి పసుపురంగు కుంచె గీతలాంటిది కనిపిస్తుంది. రెండు మూడు క్షణాల్లో మాయమవుతుంది. పోలరాయిడ్ తిప్పితే మళ్ళీ వస్తుంది. అది బయట లేదు, మన కంటిలోనే ఉంది. రెటీనా నడిమధ్య ఉండే మాక్యులా, అక్షరాలు చదివే చోటు, ముఖాలు పోల్చే చోటు, దాని మీద సహజంగానే ఒక పసుపు పూత ఉంటుంది. ఆ పూతలోని అణువులు ఒక పద్ధతిలో పేర్చి ఉండటంవల్ల ధ్రువిత కాంతిలో ఆ కుంచె ఏర్పడుతుంది. నేను పాతికేళ్ళు పిల్లల చేతికి పోలరాయిడ్ ఇచ్చి తిప్పమన్నాను. ఒక్కసారి తెల్లమబ్బు కేసి చూసి తిప్పుదామని తోచలేదు.

పొందూరు దాటాక మబ్బు బాగా తెల్లగా ఉంది. ముక్క కంటికి అడ్డం పెట్టి తిప్పాను. మొదట ఏమీ లేదు. తర్వాత, మరీ లేతగా, పసుపు చేత్తో గోడ ముట్టుకుంటే అంటుకున్న మరకలాగా కనబడింది. నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. ఎదురు సీటాయన నాకేసి జాలిగా చూశాడు. అత్తకిచ్చి ఎడమ కంటితో చూడమన్నాను. చాలాసేపు తిప్పింది.

'మబ్బుకి మురికట్టినట్టుంది.'

'ఏ రంగు మురికి?'

'మురికికి రంగేట్రా' అని ముక్క నా చేతిలో పెట్టేసింది.

విశాఖలో ఇంజను రెండో వైపు తగిలించారు. అంతవరకూ ముందుకు పోతున్న మేము అక్కణ్ణుంచి వెనక్కి పోతున్నట్టు కూర్చున్నాం. అత్తకి అది నచ్చలేదు. నాతో చోటు మార్చుకుని, పొద్దు పోయేదాకా నా చెవితో కబుర్లాడింది.

సికింద్రాబాదులో దిగేసరికి తెల్లారింది. మెహదీపట్నంలో మా చిన్నాన్న కూతురింట్లో దిగి, స్నానాలు చేసి, ఆసుపత్రికి వెళ్ళాం. బతుకమ్మ రోజులు. ఆటోలో వస్తుంటే దారిపొడుగునా రోడ్డు పక్కన తంగేడు, గునుగు, బంతి రాశులు పోసి అమ్ముతున్నారు. అత్తకి పువ్వులు విడివిడిగా కనబడలేదు కానీ రంగు కనబడింది. 'ఏటది, పసుపు ఆరబోసినట్టు?' అని అడిగింది.

ఆసుపత్రి గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. టోకెను, కుర్చీలు, మళ్ళీ టోకెను. ఒకచోట మాత్రం మా ఊరు అడిగి, పలాస అనగానే కాగితం మీంచి తలెత్తి 'ఉద్దానం వైపా? కిడ్నీలు ఎలా ఉన్నాయి?' అన్నారు. మా జిల్లా పేరు చెబితే ఇప్పుడు జీడిపప్పు తర్వాత గుర్తొచ్చేది ఆ కిడ్నీ జబ్బే.

రంగు కొలిచే గది చిన్నది, చీకటిది. కంట్లో చుక్కలు వెయ్యకముందే, ఫ్లాష్ దీపాలతో ఫోటోలు తియ్యకముందే ఈ పరీక్ష చేస్తారట. చేసే అమ్మాయిది నల్గొండ వైపు. అత్త గడ్డం యంత్రం మీద ఆనించి, చేతికి ఒక మీట ఇచ్చి చెప్పింది.

'అమ్మమ్మా, లోపట గుండ్రంగ లైటు గనవడ్తది. సక్కగ దాన్నే జూడు. కొంచెంసేపటికి అదురుతది. అదురుడు షురు గాంగనే గిది నొక్కాలె.'

అత్త నాకేసి తిరిగింది. 'ఏటంతంది?'

'మినుకుమినుకుమంటే నొక్కమంటోంది.'

'అదీ, అలా సెప్పాల.'

ఆ యంత్రం చేసేది వింటే నాకు మా బడి ప్రయోగశాలలోని మీటర్ బ్రిడ్జి గుర్తొచ్చింది. తెలియని నిరోధాన్ని నేరుగా కొలవం కదా. తెలిసిన నిరోధంతో తూచుతాం. గాల్వనామీటరు ముల్లు సున్నా దగ్గర నిలబడ్డ చోటు పట్టుకుంటాం. ఇక్కడా తూకమే. తక్కెడకి ఒక వైపు నీలికాంతి, సుమారు 460 నానోమీటర్లది. కంటిలోని పసుపు పూత దాన్ని బాగా పీల్చేస్తుంది. ఇంకో వైపు ఆకుపచ్చ కాంతి. పూత దాన్ని దాదాపు ముట్టుకోదు. ఈ రెంటినీ ఒకే చోట ఒకదాని తర్వాత ఒకటి, సెకనుకు 60 సార్లు మారుస్తారు. అంత వేగంలో కంటికి ఒకటే దీపంలా నిలకడగా కనబడుతుంది. వేగం మెల్లమెల్లగా తగ్గిస్తూ వస్తారు. ఎక్కడో ఒకచోట మినుకు మొదలవుతుంది, నొక్కాలి. తర్వాత నీలం పాలు కొంచెం మార్చి మళ్ళీ. నీలం, ఆకుపచ్చ కంటికి సరిసమానమైన చోట మినుకు అన్నిటికన్నా ఆలస్యంగా మొదలవుతుంది. తెర మీద చుక్కలు కలిపితే లోయలాంటి గీత వస్తుంది. ఆ లోయ అడుగే సున్నా దగ్గర నిలబడ్డ ముల్లు.

ఇదే తూకం చూపు అంచున కూడా వేస్తారు. పూత కంటి నడిమధ్యే చిక్కగా ఉంటుంది, ఏడెనిమిది డిగ్రీలు పక్కకి జరిగేసరికి ఏమీ మిగలదు. కాబట్టి పక్కనున్న ఎర్రచుక్కని చూస్తూ, ఓరకంట దీపాన్ని గమనించి నొక్కాలి. నడుమ ఎంత నీలం కావలసి వచ్చింది, అంచున ఎంత సరిపోయింది, ఈ రెంటి నిష్పత్తికి సంవర్గమానం కడితే పూత మందం వస్తుంది. సంవర్గమానం అనగానే నా ప్రాణం లేచొచ్చింది. 0.3 వచ్చిందంటే నీలికాంతిలో సగం ఆగిపోతోందన్నమాట. 0.6 అయితే ముప్పాతిక. 0.1 అయితే వందలో ఇరవై మాత్రమే ఆగుతుంది.

అత్త మొదటి రెండుసార్లు పాడుచేసింది. చేతిలో మీట ఉందన్న భయంతో మినుకు రాకముందే నొక్కేసింది. గీత లోయలా కాదు, మా ఊరి రోడ్డులా వచ్చింది. అమ్మాయి విసుక్కోలేదు. 'భయపడకు, ఇది పరీక్ష గాదు, నిమ్మళంగ జూడు' అంది. నేను మధ్యలో దూరి, 'అత్తా, పప్పు ఏరుతున్నావనుకో, మాడింది కనబడితేనే తొయ్యి' అన్నాను. అంతే. ఎడమ కంటికి ఆ తర్వాత ఆవిడ నొక్కిన తీరు చూసి అమ్మాయి నాకేసి తిరిగి కనుబొమలెగరేసింది. చుక్కలు ఒకదాని పక్కన ఒకటి గీసినట్టు పడ్డాయి. ముప్పై ఏళ్ళు ఆ వేళ్ళు చేసిన పని అదే కదా.

కుడికన్ను దగ్గర తూకం తెగిపోయింది.

'ఏటీ నేదు' అంది అత్త.

'లైటు గనవడ్తలేదా అమ్మమ్మా?'

'నడుమ బూడిద. పక్కకి సూత్తే కనపడతంది.'

పక్కకి చూసి నొక్కింది కూడా, నిజాయితీగా. సంఖ్య ఒకటి వచ్చింది, బాగా చిన్నది. అమ్మాయి దాన్ని కొట్టేసింది. నాకు అప్పుడర్థమైంది. నడుమ రెటీనా పోయిన కన్ను, తనకు తానే ఒక కొత్త నడుమని వెతుక్కుంటుంది. అత్త ఆ దీపాన్ని చూసింది పూత లేని పక్కచోటుతో. కాబట్టి వచ్చిన సంఖ్య పూత పలచబడిందని చెప్పడం లేదు, మనం తూచింది వేరే చోటని చెబుతోంది. నా ముఖం కనబడటానికి ఆవిడ నా చెవికేసి చూడాలి. చెవికేసి చూస్తే ముఖం వచ్చి బతికున్న చోట పడుతుంది. ఎవరూ నేర్పకుండా ఏడాది కిందటే ఆ లెక్క కట్టేసుకుంది. నేను కొబ్బరికాయల లెక్క కట్టుకుంటున్నాను.

ఈ పరీక్షలో ఉన్న చిక్కు ఇదే. జబ్బు ఎవరికి ముదిరిందో వాళ్ళనే ఇది సరిగా కొలవలేదు. నడుమ చూపు ఉండాలి, కుదురుగా చూడగలగాలి, మినుకుకి చెయ్యి స్పందించాలి. యంత్రం ఎంత మంచిదైనా, చివరికి కొలిచేది ఎదురుగా కూర్చున్న మనిషే. ముసలివాళ్ళ మాటని సంఖ్యగా మారుస్తున్న పరీక్ష అని నాకనిపించింది. అందుకే నచ్చింది కూడా.

ఖాళీ దొరికిందని నన్నూ కూర్చోబెట్టింది అమ్మాయి. నమోదుకి ముందు అడిగే ప్రశ్నల్లో 'పొగ తాగుతారా' అని ఒకటి ఉంది.

'లేదు' అన్నాను.

'అబద్దం' అంది అత్త, చీకట్లోంచి.

ఆవిడ ఎడమ కంటికి 0.41. నాకు 0.22. లెక్క కట్టాను. ఆవిడ పూత నీలికాంతిలో వందకి అరవై పైన ఆపుతోంది, నాది నలభైయే. జబ్బున్న ఆవిడకి ఎక్కువ, లేని నాకు తక్కువ. అమ్మాయిని అడిగితే నవ్వి, 'సార్, గీ నంబరు జూసి ఎవ్వలికి బీమారి వస్తదో చెప్పలేం. వయసు, వంశం, పొగ, శానా ఉంటయ్. ఒక మిషన్ల వచ్చిన నంబరును ఇంకో మిషన్ల నంబరుతో పోల్చొద్దు గూడ' అంది. వంశం అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. ఆవిడ మా నాన్నకి తోడబుట్టింది.

తర్వాత చుక్కలు వేసి, రెండో పద్ధతి. దీనికి మనిషి మాటతో పనిలేదు, కెమెరాయే చూసుకుంటుంది. రెటీనా కింద పొరలో వయసుతోపాటు పేరుకునే ఒక పదార్థం ఉంది. కాంతి పడితే అది తనే మెరుస్తుంది. 488 నానోమీటర్ల నీలికాంతితో ఒకసారి, 514 నానోమీటర్ల ఆకుపచ్చ కాంతితో ఒకసారి ఫోటో తీస్తారు. నీలి ఫోటోలో నడుమ పూత అడ్డుపడి నీడలా కనబడుతుంది. రెండు ఫోటోలనీ పోల్చి ఆ నీడ చిక్కదనం కడతారు. ఫోటోకి ముందు అరనిమిషంపాటు కంట్లోకి గట్టిగా వెలుగు కొడతారు, రెటీనాలోని మిగతా రంగులు వెలిసిపోయి లెక్కకి అడ్డు రాకుండా. అత్త ఆ అరనిమిషం మా కులదేవతని పేరుపెట్టి పిలిచింది.

కుడికన్ను ఫోటో నేను ఇప్పటికీ మరచిపోలేను. బూడిదరంగు నేల మీద నడిమధ్య ఒక నల్లటి మడుగు, అంచులు దేశపటంలో దీవిలాగా. కింద మెరిసే పొరే చచ్చిపోయింది. మెరుపు లేనిచోట నీడ ఎక్కడ పడుతుంది? అక్కడ ఈ కెమెరాకీ సంఖ్య రాలేదు.

డాక్టరుగారు నెమ్మదస్తుడు. కుడికన్ను పొడి రకంలో ముదిరిన దశ, ఎడమది మధ్యదశ అన్నాడు. తడి రకమైతే కంట్లోకి ఇంజెక్షన్లు ఇస్తారు, ఇక్కడ ఆ అవసరం లేదు. పోయిన చూపు తిరిగి రాదు. ఎడమకన్ను ఆ దారి పట్టకుండా నెమ్మదింపజెయ్యాలి. నేను సంచిలోంచి ఒక మాత్రల సీసా తీశాను. అమెరికాలో ఉన్న మా మేనకోడలు, కళ్ళకి మంచివని ఎవరో చెబితే పంపింది. అత్త రెండు నెలలుగా మింగుతోంది. ఆయన సీసా తిప్పి వెనకాల అక్షరాలు చదివి, ముందు సీసా బల్ల మీద పెట్టాడు. తర్వాత అత్తనడిగాడు.

'అమ్మా, చుట్ట కాలుస్తారా?'

'అడ్డపొగ' అంది అత్త, ఉద్యోగం చెప్పినట్టు.

అమెరికా ప్రభుత్వ నేత్ర సంస్థ 2001లో ఒక పెద్ద అధ్యయనం ఫలితాలు ప్రకటించింది. విటమిన్ సి, ఇ, జింకు, రాగి, బీటా కెరోటిన్ కలిపి ఇస్తే, మధ్యదశలో ఉన్నవాళ్ళకి ఐదేళ్ళలో జబ్బు ముదిరే అవకాశం నాలుగోవంతు దాకా తగ్గింది. కానీ పొగతాగేవాళ్ళలో బీటా కెరోటిన్ ఊపిరితిత్తుల కేన్సరు ముప్పు పెంచుతుందని వేరే పరిశోధనల్లో తేలింది. 2013లో 4,203 మందితో చేసిన రెండో అధ్యయనం ఫలితాలు వచ్చాయి. బీటా కెరోటిన్ బదులు ల్యూటిన్ 10 మిల్లీగ్రాములు, జియాజాంతిన్ 2 మిల్లీగ్రాములు పెట్టి చూశారు. అప్పటినుంచి ఈ రెండోదే ఇస్తున్నారు. అత్త సీసా పాతరకం. బీటా కెరోటిన్ 15 మిల్లీగ్రాములు. ముప్పై ఏళ్ళు నిప్పు నోట్లో పెట్టుకున్న మనిషికి, మేమే ప్రేమగా పంపించి, వేళ తప్పకుండా మింగించాం. మాత్రలు మందులషాపులో చీటీ లేకుండా దొరుకుతాయి కదా, వాటితో ఏం ప్రమాదం అనుకునేవాణ్ణి.

చుట్ట మానమని ఆయన చెప్పాడు. ఆ మాట చెప్పని డాక్టరుండడు. తర్వాత నేను ఇంటికొచ్చి చదివాను. 1996 నుంచి 2000 వరకు ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థవాళ్ళు హైదరాబాదులోనూ, పశ్చిమగోదావరి, ఆదిలాబాదు, మహబూబ్‌నగర్ జిల్లాల్లోనూ పదివేలమందికి పైగా కళ్ళు పరీక్షించారు. చుట్టలు విపరీతంగా కాల్చినవాళ్ళలో ఈ మాక్యులా జబ్బు ఎక్కువగా కనబడింది. ఆ జాబితాలో మా జిల్లా లేదు. ఉండుంటే అడ్డపొగకి వేరే గడి పెట్టాల్సొచ్చేదేమో.

పూతలో ఉన్న పసుపు ఆ ల్యూటిన్, జియాజాంతిన్‌లే. 1945లో జార్జ్ వాల్డ్, ఆ తర్వాత నోబెల్ అందుకున్నాయన, ఈ పసుపు ఆకుకూరల్లో ఉండే జాతి రంగని అది పీల్చే కాంతిని బట్టి పోల్చాడు. రసాయనం విడదీసి ఈ రెండే అని తేల్చినది 1985లో. ఒళ్ళు దీన్ని తనంతట తాను తయారుచేసుకోలేదు, తిండిలోంచి రావాలి. తోటకూర, పాలకూర, మునగాకు, మొక్కజొన్న, కోడిగుడ్డు పచ్చసొన. నూనె తగలకపోతే ఒంటికి సరిగా పట్టదు. అత్త పెరట్లో తోటకూర లేని రోజు నేనెరగను, కోళ్ళూ ఉండేవి. నేను పాతికేళ్ళు బడి పక్క హోటల్లో పూరీ తిన్నాను. నా 0.22కి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదనిపించింది. అయితే ఇలా ఒక్క మనిషి తిండిని ఒక్క సంఖ్యకి ముడిపెడితే మా విద్యార్థికి నేనే మార్కులు కోసేవాణ్ణి.

'మాత్రల్లోది ఎక్కణ్ణుంచి తీస్తారు సార్?' అని అడిగాను.

'ఎక్కువగా బంతిపూల నుంచే' అన్నాడు డాక్టరు. రేకులు ఎండబెట్టి, ద్రావణిలో నానబెట్టి తీస్తారట. కర్ణాటక, తమిళనాడుల్లో దీనికోసమే ఎకరాలకెకరాలు బంతి వేస్తారు. గుడ్డు సొన పచ్చగా రావడానికి కోళ్ళ మేతలో కూడా కలుపుతారు.

అత్త చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, 'గుమ్మానికి కట్టేది నన్ను తినమంతన్నాడా?' అంది.

ఇంకొకటి ఇచ్చాడు, గళ్ళ కాగితం. మధ్యలో చుక్క, చుట్టూ సన్నటి గళ్ళు. ఆమ్స్లర్ అనే స్విట్జర్లాండు వైద్యుడి పేరు మీద నడుస్తోంది. రోజూ ఒక కన్ను మూసి ఆ చుక్కని చూడాలి. గళ్ళు కొత్తగా వంకరపోయినా, ఒకచోట చెరిగిపోయినా వెంటనే రావాలి, తడి రకానికి మారిందేమో చూడాలి. దీనికి కరెంటు వద్దు, చీకటిగది వద్దు, నానోమీటర్లు వద్దు. అత్త ఎడమ కంటితో చూసి 'వల' అంది. కుడి కంటితో చూసి 'వలకి కన్నం పడ్డాది' అంది. డాక్టరు నవ్వాడు, ఆ రెండు మాటలూ కాగితం మూల రాసుకున్నాడు.

బయటకి వచ్చేటప్పటికి రెండు దాటింది. చుక్కలవల్ల అత్తకి ఎండ గుచ్చుకుంటోంది. నల్లద్దాలు కొనిచ్చాను. వద్దంటూనే పెట్టుకుని, అద్దం ఎక్కడుందని అడిగింది. రైలు మర్నాటికి. చెల్లెలింటికి పోకుండా, గుడిమల్కాపూర్ పూల మార్కెట్టు దగ్గరే కదా అని ఆటో అటు తిప్పించాను. నేనే చూడాలనుకున్నాను. నా కంటిలో పలచబడ్డ సరుకు రాశిగా ఎలా ఉంటుందో అని.

పండగ వారం. అడుగు పెట్టడానికి చోటు లేదు. ప్లాస్టిక్ సంచుల్లోంచి బంతిపూలు నేల మీదకి దొర్లిస్తున్నారు. ముద్దబంతి, కారబ్బంతి, మోకాలెత్తు కుప్పలు. తడి గోనెల వాసన, నలిగిన ఆకుల ఘాటు. అత్త నల్లద్దాలు తీసేసింది. తలని కొంచెం కుడికి, కొంచెం కిందికి వంచి, తనకు బాగా కనబడే కోణం వెతుక్కుని నిలబడింది. తర్వాత కుప్ప పక్కన గొంతుక్కూచుంది. చేతులు రెండూ పూలలోకి పెట్టి, ఒక పువ్వు ఇటు, ఒక పువ్వు అటు తొయ్యడం మొదలెట్టింది. నేను వద్దనేలోపు పది పన్నెండు వేరుచేసింది. వేరుచేసినవి చూశాను. కాడ మెత్తబడ్డవి, అడుగు రేకులు నల్లబడ్డవి. వేళ్ళతో తెలుసుకుందో, ఎడమకంటి అంచున చూసిందో నాకు తెలియలేదు.

అమ్మే ఆమె కొట్టబోయేంత కోపంతో లేచి వచ్చింది. అత్త తలెత్తి ఆమెకేసి, అంటే ఆమె చెవికేసి, చాలాసేపు చూసింది. ఆమె కోపం ఎటో పోయింది. చెయ్యి చెవి దగ్గరికి తీసుకెళ్ళి తడుముకుంది.

'ఏంది అవ్వా, గట్ల జూస్తున్నవ్? కమ్మలు మంచిగున్నయా?'

'నీ కమ్మలు నాకేలమ్మీ' అంది అత్త, 'నిన్నటి పువ్వు కలిపీసి అమ్ముతన్నావు. కేజీ ఎంత?'